తెలుగు క్రైస్తవమూ రాజ్యమూ: ఒంగోలు నుంచి కారంచేడు దాకా

క్రైస్తవులు రాజకీయాల్లోకి రావచ్చునా, రాకూడదా అనే చర్చ తెలుగు నేల మీద చాలాకాలంగా నడుస్తున్నది. చర్చి పెద్దల్లో ఎక్కువమంది రాకూడదనే అంటారు. విశ్వాసి పని ప్రార్థన, వాక్యం, పొరుగువాడికి సాయం. ప్రభుత్వం సంగతి ప్రభుత్వం చూసుకుంటుందంటారు. ఎన్నికలు దగ్గరపడగానే ఆ పెద్దల్లోనే కొందరు ఏదో ఒక పార్టీ నాయకుణ్ని వేదిక మీదికి పిలిచి, తలమీద చేయిపెట్టి ప్రార్థన చేస్తారు. ఈ రెండు పనులకూ మధ్య వైరుధ్యం ఉన్నట్టు వాళ్లకు తోచదు. ఇటువైపు, ప్రగతిశీల సాహిత్యకారులమైన మనం కూడా తక్కువ తినలేదు. క్రైస్తవం అనగానే వలసపాలన ఓడలో దిగిన మతమని ఒక్క వాక్యంలో తేల్చేసి ముందుకు పోతాం.

ఈ రెండు వైఖరులూ పైకి పరస్పర విరుద్ధాలు. కాని రెంటికీ ఉమ్మడిగా ఒక లోపం ఉన్నది. రెండూ తెలుగు క్రైస్తవుణ్ని చూడవు. ఆ క్రైస్తవుడు ఎవడు? అత్యధిక సందర్భాల్లో అతడు ఊరి చివర గూడెంలో పుట్టిన మాల, మాదిగ. పొలం లేని కూలి. వెట్టి చేసినవాడు. అతడు బాప్తిస్మం తీసుకోవడమే ఊరిలో ఒక రాజకీయ ఘటన అయింది. అందువల్ల అతడు రాజకీయాల్లోకి రావాలా అనే ప్రశ్నకు అర్థం లేదు. అతడెప్పుడూ రాజకీయాల మధ్యనే ఉన్నాడు. రాజ్యంతో సంబంధం లేని క్రైస్తవం తెలుగు నేల మీద ఏనాడూ లేదు. ఆ సంబంధం ఎవరి తరఫున, ఎవరి నోటితో నడిచిందన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు వేదాంత గ్రంథాల్లో కంటే ఒంగోలు, చీరాల, కారంచేడు ఉన్న ఆ కొద్దిపాటి కోస్తా నేల చరిత్రలో బాగా దొరుకుతుంది.

1

ముందుగా సిద్ధాంతం సంగతి. ప్రభుత్వానికి లోబడమని చెప్పేవాళ్లందరూ ఆశ్రయించేది పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలోని పదమూడో అధ్యాయాన్ని. అధికారం దేవుని ఏర్పాటు కనుక దానికి ఎదురుతిరగకూడదన్నది దాని సారాంశంగా చెబుతారు. కాని అదే బైబిలు చివర ప్రకటన గ్రంథంలోనూ ఒక పదమూడో అధ్యాయం ఉన్నది. అక్కడ సామ్రాజ్యాధికారం సముద్రంలో నుంచి లేచిన క్రూరమృగం. ఒకటి విధేయతకు ఆధారమైతే మరొకటి ధిక్కారానికి ఆధారం. ఏ కాలంలో ఏ వర్గం ఏ పదమూడో అధ్యాయాన్ని చదివిందన్న దాన్నిబట్టి క్రైస్తవ చరిత్రలో సగం అర్థమవుతుంది.

1525లో జర్మనీ రైతులు ప్రభువుల మీద తిరగబడినప్పుడు లూథర్ ప్రభువుల వైపు నిలిచి, రైతులను అణచివేయమని కరపత్రం రాశాడు. థామస్ మున్‌ట్జర్ అదే బైబిలు చేతపట్టుకుని రైతుల వెంట నడిచి, ఆ ఏడాది మే నెలలో శిరచ్ఛేదానికి గురయ్యాడు. ఏంగెల్స్ 1850లో ఈ రైతాంగ యుద్ధం మీద రాసిన గ్రంథంలో, ఆ కాలపు వర్గపోరాటం మతభాషలో ఎందుకు మాట్లాడవలసి వచ్చిందో వివరించాడు. మార్క్స్ 1844లో మతం గురించి రాసిన ప్రసిద్ధమైన పేరాలో కూడా మనవాళ్లు నల్లమందు అన్న మాటనే గుర్తుపెట్టుకున్నారు. మతంలో నిజమైన బాధ పలుకుతుందనీ, ఆ బాధ మీద నిరసన కూడా అందులో ఉంటుందనీ ఆయన అక్కడే చెప్పిన సంగతి మరిచిపోయారు. తెలుగు క్రైస్తవాన్ని అర్థం చేసుకోవడానికి మనకు కావలసింది సరిగ్గా ఆ మరిచిపోయిన సగమే.

2

అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో మిషన్ పెట్టి పాతికేళ్లు దాటినా, ఫలితం దాదాపు శూన్యం. ఆ మిషన్‌ను మూసేయాలన్న ప్రతిపాదన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. ఆ తర్వాత జరిగిన మార్పుకు మూలపురుషుడు క్లౌ అని మిషన్ చరిత్రలు రాశాయి. కాని క్లౌ కంటే ముందు యెర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. క్రైస్తవం తన దాకా రాకముందే యోగుల దగ్గర ఉపదేశం పొంది, విగ్రహారాధన మానుకుని, దేవుడొక్కడేనని చుట్టుపక్కల మాదిగలకు బోధిస్తూ తిరిగినవాడు. అంటే కుల దేవతల నుంచీ, ఊరి దేవతల నుంచీ బయటపడాలన్న తపన మాదిగపల్లెలో అంతకుముందే ఉన్నది. మిషనరీ వచ్చి ఆ తపనను పుట్టించలేదు. దానికొక సంస్థను ఇచ్చాడు.

మాదిగలు రావడం మొదలుపెట్టగానే ఒంగోలులోని పైకులాలవాళ్లు అభ్యంతరం చెప్పారు. వాళ్లను చేర్చుకుంటే తాము రామన్నారు. అప్పటికే మిషన్ బడిలో చదువుతున్న పైకులాల పిల్లలు మానేశారు. మిషన్ ముందున్న ఎంపిక స్పష్టం. ఊరి పెద్దలు కావాలా, పల్లె కావాలా? క్లౌ పల్లెను ఎంచుకున్నాడు. అది మత నిర్ణయంగానే చరిత్రలో నమోదైంది. కాని ఊరి లెక్కలో అది రాజకీయ నిర్ణయం.

ఎందుకంటే క్రైస్తవుడైన మాదిగ ముందుగా మానుకున్నవి మూడు. జాతరలో డప్పు కొట్టడం మానుకున్నాడు. చచ్చిన పశువు మాంసం తినడం మానుకున్నాడు. ఆదివారం పనికి రానన్నాడు. ఈ మూడూ ఊరి అధికారానికి ఆయువుపట్లు. డప్పు లేకపోతే జాతర లేదు. ఏడురోజులూ పిలిచినప్పుడల్లా రాకపోతే వెట్టికి అర్థం లేదు. అందుకే కరణం, మునసబు, భూస్వామి ఒక్కటయ్యారు. బావులు మూసేశారు, కల్లం దగ్గర రావలసిన మేర ఆపేశారు, దొంగకేసులు బనాయించారు. అప్పుడు గూడెం ఫిర్యాదు పట్టుకుని దొర దగ్గరికి వెళ్లింది. దొర కలెక్టరు దగ్గరికి వెళ్లాడు. తెలుగు దళితుడికీ ఆధునిక రాజ్యానికీ మధ్య ఒక దారి ఏర్పడింది. ఊరి పెద్దను దాటుకుని పైనున్న అధికారిని చేరడం అతనికి మొదటిసారి సాధ్యమయింది.

ఈ దారి విలువను తక్కువచేసి చూడనక్కరలేదు. కాని దాని హద్దు ఎక్కడున్నదో 1876-78 కరువు చూపించింది. 1877 జనవరి 1న లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరుపుతుండగా మద్రాసు రాష్ట్రంలో జనం రాలిపోతున్నారు. రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరువు పనుల్లో మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద ఒక అణా చాలునన్నాడు. కరువు కాలంలోనూ దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. క్లౌకు సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకానికి ప్రభుత్వం దగ్గర కాంట్రాక్టు తీసుకుని, వేలాదిమందికి కూలి ఇప్పించాడు. బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని దాదాపు పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. తిరిగి మొదలుపెట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

కూలి ఇచ్చినవాడికి కృతజ్ఞతగా జనం వచ్చారని కొందరంటారు. అంత తేలిక కాదు. కరువులో పైకులాల మేస్త్రీల కింద పనికి పోతే తిట్లూ తన్నులూ తప్పేవి కావు. తమ మనుషులే మేస్త్రీలయిన చోట మాదిగ మొదటిసారి మనిషిగా కూలి తీసుకున్నాడు. అయితే గమనించవలసిన రెండో సంగతి ఉన్నది. ఆ కాలువ తవ్వించినదీ, ఆకలి కూలీని లెక్కగట్టినదీ, ధాన్యాన్ని ఓడలకెత్తనిచ్చినదీ ఒకే ప్రభుత్వం. మిషన్ ఆ ప్రభుత్వం దగ్గర పని అడిగింది. కరువుకు కారణం అడగలేదు. ఊరిలో కులాధికారాన్ని ప్రశ్నించిన చర్చి జిల్లాలో సామ్రాజ్యాధికారాన్ని ప్రశ్నించలేకపోయింది. అర్జీ రాజకీయం అంతవరకే తీసుకుపోగలదు.

ఇక్కడ ఒక చారిత్రక విశేషం చెప్పుకోవాలి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసిన విదుషి. 1899లో మాదిగల నోటి నుంచి విన్న కథలతో పుస్తకం వేసింది. పేరయ్య కథ మనకు దక్కింది ఆమె వల్లనే. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్, పెట్టుబడిదారీ సమాజాన్ని క్రైస్తవ దృష్టితో విమర్శిస్తూ 1907లో గ్రంథం రాసి, అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి నాయకుడైనవాడు. ఒకే కుటుంబంలో తమ్ముడు అక్కడి ఫ్యాక్టరీ యజమానులను ప్రశ్నించాడు. అక్క ఇక్కడి చెప్పులు కుట్టేవాళ్ల మాట రాసిపెట్టింది. ఈ రెండు పనులనూ కలిపి చదివే అలవాటు మన చర్చికీ రాలేదు, మన విమర్శకూ రాలేదు.

3

ఒంగోలు నుంచి ఉత్తరంగా చీరాల దాటి బాపట్ల వైపు పోతే స్టువర్టుపురం వస్తుంది. ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్‌ది. 1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసి, 1910ల్లో అక్కడ నిర్బంధ సెటిల్‌మెంట్ పెట్టారు. దాని నిర్వహణను ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. ఆ సంస్థను భారతదేశంలో స్థాపించిన బూత్ టక్కర్ అంతకుముందు సివిల్ సర్వీసు అధికారి. నేరాన్ని రోగంగా, సెటిల్‌మెంటును చికిత్సగా ఆయన ప్రచారం చేశాడు.

సెటిల్‌మెంటులో హాజరు వేయించుకోవాలి. అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. చీరాలలో సిగరెట్టు పొగాకు కంపెనీకి కూలీలు కావలసి వచ్చినప్పుడు ఆ కూలీలు ఇక్కడి నుంచి వెళ్లారు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద ఆంక్షలు వచ్చి, తాతల నాటి ఉప్పు వర్తకం దెబ్బతిని రోడ్డునపడ్డ సంచారజాతిని నేరస్థ జాతి అన్నది రాజ్యం. ఆ జాతిని కదలకుండా కూలిలో పెట్టే పని చర్చి తీసుకున్నది. కాపలా, ప్రార్థన, ఫ్యాక్టరీ కూలి ఒకే ఆవరణలో కలిశాయి.

ఒంగోలులో చర్చి గూడెం తరఫున రాజ్యం దగ్గరికి వెళ్లింది. స్టువర్టుపురంలో రాజ్యం తరఫున జనం దగ్గరికి వచ్చింది. రెండుచోట్లా అదే బైబిలు, అవే పాటలు. మంచి ఉద్దేశాలు రెండుచోట్లా ఉన్నాయి. తేడా దిశలో ఉన్నది. చర్చికీ ప్రభుత్వానికీ ఉన్న సంబంధాన్ని అంచనా వేయడానికి ఇంతకంటే స్పష్టమైన కొలబద్ద అక్కరలేదు. ఆ చట్టం మద్రాసులో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. తర్వాతి కాలంలో అక్కడ ఆ ముద్ర చెరిపే పనికి పూనుకున్నవారిలో హేమలతా లవణం ముఖ్యురాలు. గుర్రం జాషువా కూతురు, నాస్తికుడు గోరా కోడలు. చర్చి తాళాలు పట్టుకున్న చోట, క్రైస్తవ కవి బిడ్డ నాస్తికుల ఇంటి నుంచి వచ్చి మనుషులతో మాట్లాడింది. చరిత్ర మన కోసం తేలికైన గీతలు గీసిపెట్టదు.

4

మూడో దారి ప్రాతినిధ్యానిది. 1919 చట్టం మద్రాసులో భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. 1932 కమ్యూనల్ అవార్డు, 1935 చట్టం వాటిని కొనసాగించాయి. దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్లలో ఇద్దరు క్రైస్తవులే. ఒకరు మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన కె.టి. పాల్. రెండోవారు దోర్నకల్ బిషప్ అజరయ్య. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు అజరయ్య. తమిళదేశం నుంచి వచ్చి నిజాం రాజ్యంలోనూ, పక్కనున్న ఇంగ్లీషు జిల్లాల్లోనూ మాల మాదిగల మధ్య ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాడు. ప్రత్యేక నియోజకవర్గం ఇస్తే చర్చి ఒక మతవర్గ రాజకీయ పార్టీగా కుదించుకుపోతుందనీ, సాటి జనం నుంచి క్రైస్తవుడు వేరుపడతాడనీ ఆయన వాదన.

ఈ వాదనలో నిజం ఉన్నది. ఆ నియోజకవర్గాల్లో ఓటు ఎవరికుండేదో చూస్తే ఇంకా తెలుస్తుంది. ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాడికే ఓటు. గూడెం క్రైస్తవుడికి ఓటే లేదు. కాబట్టి ప్రత్యేక స్థానాల్లో మాట్లాడేవాడు ఉద్యోగం, భూమి ఉన్న పట్నవాసి. అతణ్ని వదులుకున్నందువల్ల గూడెం పోగొట్టుకున్నది కొద్దే.

కాని వదులుకోవడం అక్కడితో ఆగలేదు. రాజ్యాంగ సభలో మత మైనారిటీల స్థానాల రిజర్వేషన్‌ను 1949 మే నెలలో తొలగించారు. ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు. ఆ తొలగింపును ఆయన సమర్థించాడు. క్రైస్తవ ప్రతినిధులు దాన్ని దేశభక్తికి గుర్తుగా భావించారు. అంతకు కొన్ని నెలల ముందు, 1948 డిసెంబరులో, మతప్రచార హక్కు మీద పెద్ద చర్చ జరిగి ఆ హక్కు రాజ్యాంగంలో నిలిచింది. చర్చి నాయకత్వానికి అన్నిటికంటే ముఖ్యమైనది దక్కింది. ప్రచార హక్కు చర్చికి కావాలి. కూలికీ, చదువుకూ, ఉద్యోగానికీ రక్షణ గూడెంకు కావాలి. మొదటిదాని మీద ఉన్న పట్టుదల రెండోదాని మీద కనబడదు.

ఫలితం 1950 ఆగస్టు 10న తెలిసింది. షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా, హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవాడు షెడ్యూల్డు కులస్థుడు కాడన్నది. నాలుగు సిక్కు కులాలకు మాత్రం అప్పట్లో మినహాయింపు. 1956లో సిక్కు దళితులందరినీ, 1990లో బౌద్ధ దళితులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులను చేర్చలేదు. ఈ వెలి కొత్తదీ కాదు. 1936లో బ్రిటిషు ప్రభుత్వం చేసిన ఉత్తర్వులోనే భారతీయ క్రైస్తవుణ్ని మినహాయించారు. క్రైస్తవ ప్రభువులమనుకున్నవాళ్లు గీసిన గీతను స్వతంత్ర రాజ్యం చెరపకుండా దిద్దుకున్నది.

దీనితో గూడెంలో ఒక వింత జీవితం మొదలయింది. చర్చి రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకొక పేరు. ఆదివారం క్రైస్తవుడు, తహసీలుదారు ముందు హిందువు. ఆంధ్రప్రదేశ్‌లో జనాభా లెక్కల ప్రకారం క్రైస్తవులు 1971లో నాలుగు శాతం పైన ఉన్నారు. 2011 నాటికి 1.34 శాతానికి దిగారు. ఈ నలభై ఏళ్లలో ఊరూరా చర్చిలు పెరిగాయన్నది కళ్లున్నవాళ్లందరూ చూసిందే. చర్చిలు పెరుగుతుంటే క్రైస్తవులు తగ్గడమంటే, రాజ్యం తన ఫారంలో ఒక గడి లేకుండా చేసి మనుషుల చేత అబద్ధం ఆడిస్తున్నదని అర్థం. ఆ అబద్ధానికి సిగ్గుపడవలసింది గూడెం కాదు.

చర్చి లోపల కులం లేదా? ఉన్నది. మాలల సంఘం, మాదిగల సంఘం వేరు వేరుగా ఉన్న ఊళ్లున్నాయి. పెళ్లిళ్లు కులంలోనే. కథోలిక చర్చిలో రెడ్డి, కమ్మ క్రైస్తవుల పెత్తనం తరాలుగా సాగింది. హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంతోని 2022లో కార్డినల్ అయినప్పుడు ఆయన తొలి దళిత కార్డినల్ అని పత్రికలు రాశాయి. ఆ మాట అభినందన ఎంతో, చర్చి మీద అభియోగమూ అంతే. మతం మారితే కులం పోయిందన్న రాజ్యం వాదనను చర్చి లోపలి కులమే పూర్వపక్షం చేస్తున్నది.

5

1985 జూలై 16న కారంచేడులో మాదిగలు తాగునీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర పశువుల కుడితి బకెట్టు కడిగారు. అడిగినందుకు కొట్టబోతే ఒక స్త్రీ తన బిందె ఎత్తి అడ్డుకుంది. ఆమె పేరు సువార్త. మరునాడు భూస్వామ్య కులం మాదిగపల్లె మీద పడింది. ఆరుగురు మాదిగలు చనిపోయారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. బతికినవాళ్లు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరమే ఉద్యమ కేంద్రమయింది. సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ పుట్టింది.

అదే నెల చివర, సెప్టెంబరు 30న, సుప్రీంకోర్టు మరో తీర్పు చెప్పింది. మద్రాసులో రోడ్డుపక్కన చెప్పులు కుట్టే ఒక ఆదిద్రావిడ క్రైస్తవుడు, హిందూ దళిత చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బంకు తనకెందుకివ్వరని అడిగాడు. మతం మారాక కూడా కులంవల్ల కలిగే బాధ అంతే తీవ్రంగా ఉన్నదని చూపే ఆధారాలు కావాలని కోర్టు అన్నది, కేసు కొట్టేసింది. ఆధారం అడిగిన రోజున చీరాలలో ఆ ఆధారం శిబిరం వేసుకుని కూర్చుని ఉన్నది. దాడికి వచ్చినవాడు సువార్త అన్న పేరు విని వెనక్కి పోలేదు. పల్లె ఏ దేవుణ్ని కొలుస్తున్నదని అడగలేదు. ఊరికి తెలిసిన సంగతి న్యాయస్థానానికి తెలియలేదు.

కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో వచ్చింది. ఇరవై మూడేళ్లు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టానికి వెనుక కారంచేడు వంటి నెత్తుటి అనుభవాలున్నాయి. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవంలోకి మారినవాడికి ఆ చట్టం రక్షణ వర్తించదన్నది. ఏ గూడెం నెత్తురుతో ఆ చట్టం వచ్చిందో ఆ గూడెంలో చాలామంది ఆ చట్టానికి బయట నిలబడ్డారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మూడో పేరాను తొలగించమన్నది. రాష్ట్ర శాసనసభ 2009లోనూ, 2023లోనూ తీర్మానాలు చేసింది. ఢిల్లీకి తీర్మానాలు పోయాయి. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. గూడెం ఎదురుచూడటం మాత్రం మారలేదు.

క్రైస్తవుల రాజకీయం అంటే ఏమిటో కారంచేడు కొత్తగా నిర్వచించింది. ఒంగోలులో గూడెం దొర చేత అర్జీ పెట్టించింది. 1949లో నాయకులు గూడెం తరఫున త్యాగం చేశారు. 1985లో గూడెం తానే మాట్లాడింది. చర్చి చేసిన మంచిపని ఆవరణ తలుపు తెరవడం. అది చిన్నపని కాదు. అత్యవసర పరిస్థితి కాలంలో కేరళ మార్తోమా సంఘాధిపతి యూహానోన్ మార్తోమా ఇందిరాగాంధీకి నిరసన లేఖ రాసినప్పుడు, ఎం.ఎం. థామస్ తన పత్రికలో నియంతృత్వాన్ని విమర్శించినప్పుడు, వాళ్ల వెనుక ఎక్కువమంది చర్చి పెద్దలు లేరు. తలుపు తెరవడానికీ, గొంతు విప్పడానికీ చర్చిలో ఎప్పుడూ కొద్దిమందే ఉంటారు. ఆ కొద్దిమంది ఎవరివైపు తెరిచారన్నదే వాళ్ల విశ్వాసానికి సాక్ష్యం.

6

ఇక మన సంగతి. జాషువా 1941లో గబ్బిలం రాశాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు, తన కావ్యంలో అరుంధతీసుతుడి గోడు కాశీలోని శివుడి చెవిన వేయమని పక్షిని పంపాడు. పురాణ కవిత్వం ఎందుకని క్రైస్తవులు ఆయనను నిలదీశారు. నువ్వెవడవని పండితులు అడిగారు. క్రీస్తు చరిత్రకు 1964లో అకాడమీ బహుమతి, అదే ఏడు శాసనమండలి సభ్యత్వం వచ్చాయి. మన విమర్శకులు ఆయనను అభ్యుదయ కవి అన్నారు, జాతీయ కవి అన్నారు, తర్వాత దళిత కవి అన్నారు. ఈ పేర్లన్నీ సరైనవే. కాని రెండు మతాల గడపల మీదా నిలబెట్టబడినవాడు దేశం మొత్తాన్ని శ్రోతగా ఎందుకు ఎంచుకోవలసి వచ్చిందన్న ప్రశ్నను మనం లోతుగా అడగలేదు. గూడెం క్రైస్తవుడి రాజకీయ స్థితి ఆ ఎంపికలో ఉన్నది.

కారంచేడు మీద మనం కవితలు రాశాం, పాటలు కట్టాం, నిజనిర్ధారణలు చేశాం. వాటిలో కూలి ఉన్నాడు, దళితుడు ఉన్నాడు. ప్రార్థన చేసుకునే మనిషి దాదాపు లేడు. ఆ ప్రార్థన మనకు ఇబ్బంది. కల్యాణరావు అంటరాని వసంతం 2000లో వచ్చి ఈ లోటు కొంత తీర్చింది. కరువు, కాలువ, బాప్తిస్మం, చర్చిలో కులం, చివరికి విప్లవోద్యమం దాకా ఒకే వంశం కథలో చెప్పిందది. మతాన్ని పొగడలేదు, ఎగతాళి చేయలేదు. మనిషి దాని దగ్గరికి ఎందుకు పోయాడో, దాన్ని దాటి ఎందుకు పోయాడో చూపింది. విమర్శ కూడా చేయవలసింది ఆ పనే.

క్రైస్తవుడు ప్రభుత్వంతో ఎట్లా వ్యవహరించాలని అడిగేవాళ్లకు ఈ చరిత్ర ఇచ్చే జవాబు తెలివిడిగానే ఉన్నది. గూడెం పనిమీద ప్రభుత్వం దగ్గరికి పోవడం సరైనదే, కాని అర్జీతో ఆగితే చాలదు. ప్రభుత్వం పనిమీద గూడెంలోకి రావడం స్టువర్టుపురం అవుతుంది. గూడెంను అడక్కుండా గూడెం హక్కులు వదులుకోవడం త్యాగం కాదు. వేదిక మీద నాయకుడి తలమీద పెట్టిన చేయి, తహసీలు కచేరీలో తన మతం దాచుకుంటున్న కూలివాడి భుజం మీద పడిందా లేదా అన్నది చర్చి తనను తాను అడగవలసిన ప్రశ్న.

మనం మనల్ని అడగవలసింది ఇంకొకటి ఉన్నది. మిషన్ల పాత రిజిస్టర్లలో వేలాది మాల మాదిగల పేర్లున్నాయి. భూమి దస్తావేజుల్లో లేని పేర్లు, కావ్యాల్లో లేని పేర్లు. ఒక సామాన్య మాదిగ ఫలానా రోజున తన ఇష్టంతో ఒక నిర్ణయం తీసుకున్నాడని రాతలో నమోదైన తొలి సాక్ష్యాల్లో అవి ఉన్నాయి. ఆ కాగితాలు చెదలు పట్టిపోతున్నాయి. ఆ పల్లెల్లో ముసలివాళ్లు వెళ్లిపోతున్నారు. సాహిత్య విద్యార్థులు ఆ రిజిస్టర్లు తెరవాలి, ఆ ముసలివాళ్ల దగ్గర కూర్చోవాలి. ప్రజల చరిత్ర రాస్తామని చెప్పుకునే మనకు, ప్రజలు మోకరించిన చోటు కూడా చరిత్రలో భాగమేనని ఒప్పుకోక తప్పదు.